మీ పాటకు వీడియో తీసే ముందు ఇంకొకరి వీడియోని ఇలా విప్పి చూడండి

మాది కరీంనగర్. జానపద పాటల వీడియోలు ఎడిట్ చేయడం నా పని. కొత్తగా పాట రికార్డు చేసుకుని వచ్చే పిల్లలు ఫోన్‌లో ఏదో ఒక వీడియో చూపించి "అక్కా, మనది కూడా గిట్లనే రావాలె" అంటారు. ఇందులో నీకు ఏం నచ్చిందని అడిగితే "మొత్తం నచ్చింది" అంటారు. మొత్తం కావాలంటే వాళ్లు పెట్టినంత డబ్బూ కావాలి. కానీ ఏ మంచి వీడియో అయినా ఒకటి రెండు నిర్ణయాల మీదే నిలబడుతుంది. అవి ఏంటో కనిపెట్టగలిగితే వాటిని వాడుకోవడానికి పైసా ఖర్చు ఉండదు. షాట్లు, స్టెప్పులు, బట్టలు ఉన్నవున్నట్టు దింపుకుంటే అది దొంగతనమే. నిర్ణయం మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు.

ఈ మధ్య మా చెల్లెలి కొడుకు పాటకి ఇదే పని చేశాం కాబట్టి దాన్నే ఉదాహరణగా చెబుతాను. గల్ఫ్‌లో ఉన్న నాన్నని తలుచుకుంటూ కొడుకు పాడే పాట అది. నాలుగు నిమిషాలు, నిమిషానికి 100 బీట్లు. "డ్రోన్ లేకుంటే వీడియో ఎట్లయితది పెద్దమ్మా?" అన్నది వాడి మొదటి ప్రశ్న. డ్రోన్ నాకు శత్రువేమీ కాదు. కానీ ఈ పాటలో పైనుంచి చూసేది ఎవరు? పచ్చటి పొలాల మీద నుంచి కెమెరా ఎగిరే షాట్ ఎక్కడ కనిపించినా అది ఏం చెబుతోందో అడగండి. జవాబు రాకపోతే దాన్ని మీ లిస్టులోంచి కొట్టేయండి.

చూడడానికి మూడు వీడియోలు చాలు. ఒకటి మీ పాట వేగానికి దగ్గరగా ఉండాలి, ఒకటి మీ ఖర్చుకి దగ్గరగా ఉండాలి, మూడోది మీ పాటతో ఏ సంబంధమూ లేనిదై ఉండాలి. మూడూ మన జానపదాలే అయితే చివరికి తేలేది అదే చెరువు గట్టు, అదే లంగా ఓణీ.

మొదటిసారి మామూలుగా చూడండి. అయిపోగానే ఫోన్ బోర్లించి, గుర్తున్నవి కాగితం మీద రాయండి. నాలుగు నిమిషాల వీడియోలో నాలుగైదు బొమ్మలకు మించి గుర్తుండవు. ఆ నాలుగైదే వీడియోని మోస్తున్నాయి. తర్వాత సౌండ్ తీసేసి చూడండి. పల్లవి మళ్లీ ఎప్పుడు వచ్చిందో బొమ్మని బట్టి తెలుస్తోందా? మూడోసారి కళ్లు మూసుకుని వినండి. ఏ చోట మీ మనసులో వేరే బొమ్మ లేస్తుందో ఆ చోటు రాసుకోండి, అది మీ సొంత వీడియోకి పనికొస్తుంది.

ఇప్పుడు అసలు పని. కంప్యూటర్‌లో యూట్యూబ్ తెరిచి, వీడియోని పాజ్ చేసి ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేమ్ (వీడియోలోని ఒక్కో బొమ్మ) ముందుకు వెళుతుంది, కామా నొక్కితే వెనక్కి వస్తుంది. నోటుబుక్‌లో గడులు గీసుకోండి: టైమ్, ఏం కనిపిస్తోంది (ముఖమా, చేతులా, నిలువెత్తు మనిషా, చోటా), కెమెరా కదులుతోందా, వెలుగు ఎటునుంచి వస్తోంది, కట్ (ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు) దేని మీద పడింది. ఆఖరి గడి అన్నిటికంటే ముఖ్యం. కట్ డప్పు దెబ్బ మీద పడిందా, మాట మీదా, మనిషి తల తిప్పిన కదలిక మీదా? పాట మొత్తానికి ఇలా రాయక్కర్లేదు. మొదటి అర నిమిషం, ఒక పల్లవి, చివరి అర నిమిషం చాలు.

రాశాక కొంచెం లెక్క చేయండి. నిమిషంలో 20 షాట్లుంటే ఒక్కోటి సగటున 3 సెకన్లు. 100 బీట్ల పాటలో ఒక బీటు 0.6 సెకను, నాలుగు బీట్లు 2.4 సెకన్లు. ప్రతి కట్టూ సరిగ్గా 2.4 దగ్గర పడుతుంటే కాసేపటికి చూసేవాడి కన్ను ముందే పసిగడుతుంది, ఆసక్తి జారిపోతుంది. మంచి ఎడిటర్లు రెండు సార్లు బీటు మీద కోసి, మూడోసారి కోయకుండా వదిలేస్తారు. అన్నిటికంటే పొడుగు షాట్ ఏదో కూడా వెతకండి. పాట ప్రాణం ఎక్కడుందని ఆ తీసినవాళ్లు అనుకున్నారో అది చెప్పేస్తుంది.

తక్కువ ఖర్చు వీడియోగా మావాడికి నేను చూపించింది 2000లో వచ్చిన 'ఎల్లో', కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండ్ బ్యాండ్ పాట. ఇంగ్లండ్‌లో డోర్సెట్ తీరాన, స్టడ్‌లండ్ బేలో తీశారు. సముద్రం ఒడ్డున ఆ బ్యాండ్ గాయకుడు క్రిస్ మార్టిన్ ఒక్కడే కెమెరా వైపు నడుస్తూ పాడతాడు. కట్ లేదు, రెండో మనిషి లేడు. బ్యాండ్ అంతా ఉండాల్సిందే, కానీ ఆ రోజు డ్రమ్మర్ వాళ్లమ్మ అంత్యక్రియలు. వాతావరణం కూడా అనుకున్నట్టు లేదు. మిగిలింది ఒక మనిషి, ఒక తీరం. దాన్నే పట్టుకున్నారు.

ఇందులో దగ్గరగా చూడాల్సింది ఒకటుంది. పెదాలు పాటకి సరిగ్గా కలుస్తాయి, కానీ జుట్టూ బట్టలూ నెమ్మదిగా కదులుతాయి. ఎక్కడైనా ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే కిటుకు ఇదే: సెకనుకి 50 ఫ్రేములతో తీస్తారు, స్పీకర్‌లో పాటని రెట్టింపు వేగంతో పెడతారు, పాడేవాడు ఆ వేగంతోనే పెదాలు కదుపుతాడు. తర్వాత ఏ ఫ్రేమూ తీసేయకుండా సెకనుకి 25 ఫ్రేములకి దింపితే పెదాలు మామూలు పాటకి కలుస్తాయి, ఒళ్లు మాత్రం సగం వేగంతో తేలుతుంది. మీ ఫోన్‌లో 60 ఫ్రేములుంటే, ఎడిటింగ్‌లో సెకనుకి 30 ఫ్రేముల టైమ్‌లైన్ పెట్టుకుని ఇదే పని చేయొచ్చు. రెట్టింపు వేగం కష్టమనిపిస్తే 30తో తీసి 24కి దింపండి, అప్పుడు పాట 1.25 వేగంతో పెడితే సరిపోతుంది. ఒత్తులున్న తెలుగు మాటలు రెట్టింపు వేగంలో నోట్లోనే నలిగిపోతాయి కాబట్టి 1.25, 1.5, 2 అంటూ మెట్లుగా ప్రాక్టీస్ చేయించండి.

దీని లెక్క మాకు బాగా కలిసొచ్చింది. నాలుగు నిమిషాల పాట రెట్టింపు వేగంలో రెండు నిమిషాలే. మామూలు నడకలో మనిషి రెండు నిమిషాల్లో 150 మీటర్లకు కాస్త అటూ ఇటూ వెళతాడు. అంటే 150 మీటర్ల చదునైన బాట దొరికితే వీడియో మొత్తం తీసేయొచ్చు. ఊరి చెరువు గట్టు మీద అలాంటి ముక్క దొరికింది. ఇక 'ఎల్లో'లో చీకటి నుంచి తెల్లవారే వెలుగు వస్తుంది కదా, అంతసేపు కాచుక్కూర్చున్నారా? లేదు, రెండు నిమిషాల్లో ఆకాశం అంత మారదు. అది తర్వాత రంగులు దిద్దేటప్పుడు చేసిన పని. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో కీఫ్రేములు (ఏ క్షణానికి వెలుగు ఎంత ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి మనమూ చేసుకోవచ్చు.

సంబంధం లేని వీడియోగా కెమికల్ బ్రదర్స్ అనే ఇంగ్లండ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట పాట 'స్టార్ గిటార్' చూశాం. దర్శకుడు మిషెల్ గోంద్రీ తీశాడు, 2002లో వచ్చింది. రైలు కిటికీలోంచి కనిపించే దృశ్యం, అంతే. కానీ దాటిపోయే స్తంభాలు, వంతెనలు, ఇళ్లు అన్నీ పాటలోని శబ్దాలే: ఒక దెబ్బకి ఒక స్తంభం, ఇంకో శబ్దానికి ఇంకో కట్టడం. తీసే ముందు గోంద్రీ నారింజలు, ఫోర్కులు, పుస్తకాల లాంటి ఇంటి సామాన్లు బీటు ప్రకారం వరసగా పేర్చి లెక్క వేసుకున్నాడు.

ఇది చూసి రైలెక్కమని కాదు. అందులో ఉన్న నిర్ణయం "ప్రతి శబ్దానికీ కంటికి కనిపించే ఒక వస్తువు ఉండాలి" అని. మా పాటలో డప్పు ఉంది. మా చెల్లెలు బీడీలు చేస్తుంది. ఒళ్లో చేట, తునికాకు మీద కత్తెర, తంబాకు, దారం. కత్తెర ఆకుని కోసే 'కచ్' డప్పు దెబ్బ మీద, దారం చుట్టే తిప్పు దాని వెనకాల వచ్చే గజ్జెల మీద. పల్లవి వచ్చినప్పుడల్లా ఆ చేతులే కనిపించాలని తేల్చుకున్నాం. చింతగింజలు, అగ్గిపుల్లలు నేల మీద పేర్చాం: దెబ్బకి గింజ, గజ్జెకి పుల్ల. పదహారు బీట్ల వరస కళ్ల ముందు కనిపించగానే మావాడికి డ్రోన్ సంగతే గుర్తు రాలేదు. నాన్న దుబాయిలో, కొడుకు గట్టు మీద, అమ్మ చేతులు ఆగకుండా పనిలో. పాట చెప్పని సగం కథ ఆ చేతులు చెబుతాయి. పిల్లలకు నేను నేర్పాలనుకునేది ఇదే.

డాన్స్ పాట తీసేవాళ్లకు ఇంకో మాట. "నాటు నాటులా కావాలె" అంటారు కదా. అది 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీసింది. ఆ భవనం మనకు రాదు. కానీ అసలు స్టెప్పు దగ్గర చూడండి, ఇద్దరి కాళ్లూ చేతులూ నిలువునా ఫ్రేములో ఉంటాయి. డాన్స్ మాస్టర్ ప్రేమ్ రక్షిత్ స్టెప్పు గొప్పదనమంతా ఇద్దరూ ఒక్కటిగా కదలడంలో ఉంది, అది కనబడాలంటే పాదాలు కనబడాలి. మన వీడియోల్లో చాలామంది సరిగ్గా స్టెప్పు దగ్గరే ముఖానికి క్లోజప్ వేస్తారు. అంత కష్టపడి ఆడిన పిల్లల కాళ్లు ఎవరికీ కనిపించకపోతే నాకు చాలా బాధేస్తుంది.

మూడు వీడియోలూ అయ్యాక ఒక్కోదాని గురించి ఒక్క వాక్యం రాయండి, "ఈ వీడియో ఏం చేయనని ఒట్టు పెట్టుకుంది?" అన్నదానికి జవాబుగా. 'ఎల్లో' కట్ చేయనంది, 'స్టార్ గిటార్' కిటికీ దాటి లోపలికి రానంది. అలాగే మీ వీడియోకీ ఒకటి రాయండి. మాది ఇలా వచ్చింది: "చరణంలో గట్టు మీది నడక, పల్లవిలో అమ్మ చేతులు, మూడో చోటు లేదు." నడకని ఒకే టేకులో తీసి, పల్లవి దగ్గర మాత్రం చేతులకి కోశాం. షూటింగ్ రోజు ఎవరో ఒకరు "గుడి కూడా ఒకసారి తీద్దాం" అంటారు. ఆ వాక్యం చూపించండి.

అద్దె కెమెరా తేవడానికి ముందే మొత్తం ఫోన్‌తో తీసి, కోసి, పాట మీద పెట్టండి. పాట వినని ఒకరికి సౌండ్ లేకుండా చూపించి, పల్లవి ఎక్కడెక్కడ వచ్చిందని అడగండి. చెప్పలేకపోతే బొమ్మలో తేడా చాలలేదన్నమాట, ఆ ముక్కలు మార్చండి. తర్వాత రెట్టింపు వేగం ట్రాక్‌కి, పాట ఎప్పుడు మొదలవుతుందో తెలిసేలా ముందు నాలుగు టిక్కులు చేర్చి ఫోన్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టుకోండి. గట్టు మీద గాలికి చిన్న బ్లూటూత్ స్పీకర్ వినపడదు, పెద్దది అడిగి తెచ్చుకోండి.