వీల్‌చైర్, చెవి మిషన్ ప్రభుత్వం నుంచి కావాలంటే: హైదరాబాద్‌లో దరఖాస్తు ఇలా

మా పిన్ని కొడుక్కి ఒక క్యాంపులో వీల్‌చైర్ ఇచ్చారు. అప్పటికి 13 ఏళ్ల పిల్లాడు, బక్కపలచగా ఉంటాడు. కుర్చీ సీటు వెడల్పేమో 18 అంగుళాలు. అటొక తువ్వాలు, ఇటొక తువ్వాలు చుట్టి దూరిస్తే గానీ నిటారుగా కూర్చోలేడు. అక్కడ ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. మేమూ అడగలేదు, ఫారంలో ‘వీల్‌చైర్’ అని రాసి సంతకం పెట్టి వచ్చేశాం. తర్వాత మార్చమని అడిగితే మూడేళ్లు ఆగమన్నారు. అందుకే కాగితాల సంగతితో పాటు కొలతల సంగతీ చెబుతున్నాను.

మొదట కావలసింది వైకల్య ధ్రువపత్రం. మన దగ్గర చాలామంది ఇంకా ‘సదరం సర్టిఫికెట్’ అనే అంటారు. ఇప్పుడు దేశమంతా చెల్లేది యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు. కేంద్రం నడిపే స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, చేతకాకపోతే మీసేవకు వెళ్లొచ్చు. ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర, అడ్రస్ ప్రూఫ్ దగ్గర పెట్టుకోండి. పరీక్ష ఏ ఆసుపత్రిలో చేయించుకోవాలో పోర్టల్‌లోనే ఎంచుకోవాలి. పాత సర్టిఫికెట్ ఉంటే దాన్ని అప్‌లోడ్ చేసే వీలుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది కాబట్టి, ‘మాది ఇందులోకి రాదేమో’ అని మీకు మీరే తేల్చేసుకోకండి. కార్డు రంగు చూస్తే వైకల్యం ఎంత శాతమో తెలుస్తుంది: 40 లోపైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. పరికరాలకు కనీసం 40 శాతం ఉండాలి.

ఇక్కడ రెండు చిన్న తప్పులు నెలల తరబడి తిప్పుతాయి. ఒకటి పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంటే ముందు అది సరిచేయించుకోండి. రెండోది ఫోన్ నంబరు. మీసేవలో తొందరగా పని కానిద్దామని అక్కడి కుర్రాడు తన నంబరే కొట్టేస్తాడు. ఆ తర్వాత ఓటీపీలు, కబుర్లు అన్నీ అతని ఫోన్‌కే వెళ్తాయి, మీకు ఏమీ తెలియదు.

తర్వాత ఆదాయ ధ్రువపత్రం. పరికరాలిచ్చే కేంద్ర పథకం పేరు అడిప్, 1981 నుంచి ఉంది. నెలాదాయం 22,500 రూపాయల లోపుంటే పరికరం పూర్తిగా ఉచితం, అది దాటి 30,000 దాకా ఉంటే సగం ధర కట్టాలి. తహసీల్దార్ ఇచ్చే పత్రంలో ఉండేది ఏడాది ఆదాయం కాబట్టి 2,70,000, 3,60,000 అని లెక్క వేసుకోండి. పిల్లలకైతే తల్లిదండ్రుల ఆదాయం చూస్తారు.

ఇక ఎక్కడికి వెళ్లాలి? రాష్ట్ర పథకాలకు మలక్‌పేటలోని వికలాంగుల సహకార సంస్థ ఉంది. అదనపు చక్రాలు బిగించిన స్కూటర్లు, బ్యాటరీ వీల్‌చైర్లు, విద్యార్థులకు ల్యాప్‌టాప్‌ల వంటివి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడే ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. గడువు తక్కువ ఉంటుంది, కాబట్టి కాగితాలన్నీ ముందే స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. కేంద్ర పథకం కింద మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బోధన కిట్లు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు వెళ్లాలి. వినికిడికి అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే. చేతులు, కాళ్ల లోపాలకు కాన్పూర్‌లోని అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసిన పరికరాలు ఎక్కువగా క్యాంపుల ద్వారా వస్తాయి. ఆ క్యాంపుల తేదీలు జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులో అడిగితే చెబుతారు.

క్యాంపు ఒక్కరోజులో అయిపోయేది కాదు. మొదటిసారి పరీక్షించి కొలతలు రాసుకుంటారు, పరికరం ఇచ్చేది ఇంకో రోజు. అసలు పని ఆ మొదటి రోజే. మనిషిని తప్పకుండా తీసుకెళ్లండి, ‘కాగితాలు చాలు, మేం చూసుకుంటాం’ అని ఎవరన్నా సరే. వీల్‌చైర్‌కి తుంటి వెడల్పు, తొడ పొడవు కొలిపించండి. కూర్చున్నాక తుంటికి అటూ ఇటూ వేలెడంత సందు ఉంటే చాలు. ఇంట్లో బాత్రూమ్ తలుపు వెడల్పు కూడా ఒక చీటీ మీద రాసుకెళ్లండి, పాత బస్తీ ఇళ్లలో కుర్చీ ఆగిపోయేది అక్కడే. చంక కర్రలైతే నిలబడినప్పుడు చంకకూ కర్ర పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. చంక మీద బరువు పడితే నరం నొక్కుకుని చెయ్యి తిమ్మిరెక్కుతుంది, బరువు మోయాల్సింది అరచేతులే. చూపు లేనివారి తెల్లకర్ర దాదాపు రొమ్ము ఎముక దాకా రావాలి.

చెవి మిషన్‌కి ఇంకాస్త ఓపిక కావాలి. ముందు గుబిలి తీయించుకుని వెళ్లండి, లేకపోతే ఆ రోజు పరీక్ష చేయకుండా పంపించేస్తారు. చెవి వెనక పెట్టుకునే మిషన్‌కి అచ్చు అవసరం. దారం కట్టిన చిన్న దూది ఉండను లోపల పెట్టి, మెత్తటి పిండిలాంటి పదార్థం నింపి, గట్టిపడ్డాక బయటికి లాగుతారు. నొప్పి ఉండదు, చల్లగా, చెవి మూసుకుపోయినట్టు ఉంటుందంతే. మిషన్‌తో వచ్చే రెడీమేడ్ రబ్బరు బిళ్లతోనే సరిపెట్టుకుంటే చాలామందికి అది కీచుమంటుంది. అచ్చు చేయించి ఇవ్వమని అడగడం మీ హక్కు.

పెద్దవాళ్లకి ఇంకో దారి ఉంది. 60 దాటి, మోకాళ్లో చెవులో ఇబ్బంది పెడుతూ, వైకల్య ధ్రువపత్రం లేకపోయినా రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్ర, వాకర్, చెవి మిషన్ లాంటివి వస్తాయి. పేద కుటుంబాల వారికి ఉద్దేశించిన ఈ పథకం మొదలైంది 2017 ఏప్రిల్ 1న, నెల్లూరులో.

పరికరం ఇచ్చే రోజు ఫొటోల హడావుడిలో సంతకం పెట్టేయకండి. కుర్చీలో కూర్చోబెట్టి బ్రేకులు వేసి చూడండి, మిషన్ పెట్టి వెనక నుంచి పేరు పిలిచి చూడండి. సైజు తప్పయితే అక్కడికక్కడే దరఖాస్తు నకలు మీద రాయించుకోండి. ఎందుకంటే ఒకసారి తీసుకున్నట్టు నమోదైతే అదే అవసరానికి మళ్లీ ఇచ్చేది మూడేళ్ల తర్వాతే, 12 ఏళ్ల లోపు పిల్లలకైతే ఏడాది తర్వాత. మా వాడికి ఆ మూడేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఈసారి టేపు మేమే పట్టుకెళ్తున్నాం.