శ్లాబు కింద ప్లాస్టరింగ్ నిలవట్లేదా? సమస్య - కారణం - పరిష్కారం

గోడ ప్లాస్టరింగ్ చేయి తిరిగితే వచ్చేస్తుంది. సీలింగ్ అలా కాదు. ఇక్కడ మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) బరువంతా కిందికే లాగుతుంది, దాన్ని పట్టుకునేది శ్లాబు అడుగు ఒక్కటే. అందుకే కొత్తవాళ్లు చేసిన సీలింగ్ పాడైతే తాపీ పట్టిన చేతిని తప్పు పట్టకండి. ముందు శ్లాబు అడుగును, ఇసుకను చూడండి. నూటికి తొంభై సమస్యలకు మూలం ఈ రెండిట్లోనే దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

మొదటిసారి చేసేవాళ్లు హాలుతో మొదలుపెట్టకండి. స్టోర్ రూమో, మెట్ల కింది చోటో ఎంచుకోండి. కరెంటు మెయిన్ ఆపండి, ఫ్యాన్ బాక్సుల్లో కాగితం కుక్కండి, కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి. తల పైకెత్తి చేసే పని కాబట్టి సిమెంటు కళ్లలో పడటం మామూలే. పడితే నలపకుండా ధారగా నీళ్లతో కడిగి, మంట తగ్గకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నిచ్చెన మీద నిలబడి ఈ పని చేయొద్దు. గదంతా నడవగలిగేలా గట్టి పరంజా వేసుకోండి. శ్లాబు మీ తలకు జానెడు ఎత్తులో ఉంటే చెయ్యి బాగా ఆడుతుంది.

వేసిన మాలు వేసినట్టే ఊడి పడుతోంది

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. ఇనుప షీట్లతోనో ప్లైవుడ్‌తోనో సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద పెట్టే అచ్చు) చేసిన శ్లాబు అడుగు అద్దంలా నున్నగా వస్తుంది. పైగా షీట్లు సులువుగా ఊడాలని ముందే నూనె పూస్తారు. ఆ నూనె జిడ్డు కాంక్రీటుకు అంటుకునే ఉంటుంది. దాని మీద ఎంత మంచి మాలైనా పట్టదు.

పరీక్ష చాలా తేలిక. శ్లాబు అడుగున నీళ్లు చిలకరించండి. పీల్చుకుని నల్లబడితే మంచిదే. బొట్లు బొట్లుగా నిలబడి జారిపోతే జిడ్డు ఉన్నట్టే. సబ్బు నీళ్లు పోసి ఇనుప బ్రష్‌తో రుద్ది కడగాలి. ఆ తర్వాత చిప్పింగ్, అంటే ఉలీ సుత్తితో గానీ చిప్పింగ్ మెషిన్‌తో గానీ గాట్లు పెట్టడం. అంగుళం, అంగుళన్నర దూరానికి ఒక గాటు, లోతు 3 మిల్లీమీటర్లు సరిపోతుంది. అంతకంటే లోతుకు వెళ్లొద్దు, పైన కడ్డీలు ఉంటాయి. గాట్లు పెట్టాక దుమ్మంతా బ్రష్‌తో దులిపి నీళ్లతో కడగండి. చాలామంది చిప్పింగ్ చేసి దుమ్ము వదిలేస్తారు. అప్పుడు మాలు శ్లాబుకు కాకుండా ఆ దుమ్ముకు అంటుకుంటుంది.

ప్లాస్టరింగ్ మొదలుపెట్టేముందు శ్లాబు తడిగా ఉండాలి, నీళ్లు మాత్రం కారకూడదు. చిక్కటి సిమెంటు పాలు, అంటే నీళ్లలో కలిపిన ఒట్టి సిమెంటు, బ్రష్‌తో పూసి, అవి పచ్చిగా ఉండగానే మాలు వేయాలి. పట్టు పెంచే బాండింగ్ కెమికల్ కలిపి పూసినా ఇదే పద్ధతి. ఒక మనిషి పది నిమిషాల్లో ప్లాస్టర్ చేయగలిగినంత మేరకే పూయండి. ఆరిపోయిన పూత పట్టు ఇవ్వదు సరికదా, మధ్యలో పొరలా నిలిచి మాలును విడదీస్తుంది.

ఇవన్నీ చేసినా జారుతోందంటే మాలు చూడండి. సీలింగ్‌కు ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు సన్న ఇసుక, మహా అయితే నాలుగు. గోడలకు కలిపే ఆరు పాళ్ల మాలు ఇక్కడ పనికిరాదు. నీళ్లు కొంచెం కొంచెంగా కలపండి. తాపీ మీద మాలు పెట్టి తిరగేస్తే ఒక క్షణమైనా అంటుకుని నిలవాలి. నీళ్లు పోశాక అరగంటలో వాడేయగలిగినంతే కలపండి. గట్టిపడిన మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడితే పట్టు పోతుంది. పదడుగుల చదరపు గదికి 6 మిల్లీమీటర్ల మందంతో సిమెంటు సగం బస్తా పైన పడుతుంది. ఎగుడుదిగుళ్లు, నేలపాలయ్యేది కలుపుకుని ఒక బస్తా దగ్గర పెట్టుకోండి.

గంట తర్వాత పొట్టలా కిందికి దిగుతోంది

మందం ఎక్కువైంది. సీలింగ్ ప్లాస్టర్ 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, ఒక్క పూతలో 12 దాటకూడదు. పొట్ట దిగినచోట తాపీతో పైకి ఒత్తకండి, పట్టు అప్పటికే వదిలేసి ఉంటుంది. అంతవరకు గీకి తీసేసి మళ్లీ వేయండి.

శ్లాబే వంకరగా ఉండి మందం తప్పనిచోట రెండు పూతలు వేయాలి. మొదటి పూత కొంచెం గట్టిపడుతుండగా అడ్డదిడ్డంగా గీతలు గీసి, మర్నాడు తడిపి రెండోది వేయండి. తేడా అంగుళం పైన ఉంటే మాత్రం ప్లాస్టరింగ్‌తో సరిచేయాలని చూడొద్దు. నెత్తి మీద అంత బరువు వేలాడదీయడం ప్రమాదం. జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ వేయించడమే మేలు.

ఆరాక తడితే డొల్లగా మోగుతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈరోజు శబ్దం, ఇంకో వేసవికో వానాకాలానికో పెచ్చు. కింద పిల్లలు పడుకునే గది అయితే అసలు వాయిదా వేయకండి. కర్ర పిడితో అడుగడుగుకీ తట్టి, మోగిన చోటల్లా సుద్దతో గీత గీయండి. ఆ గీతకు రెండంగుళాలు అవతలి నుంచి కట్టర్‌తో కోసి, పక్కకు నిలబడి ఊడగొట్టండి. ఊడిన పెచ్చు వెనక వైపు చూస్తే కారణం తెలుస్తుంది. నున్నగా ఉంటే చిప్పింగ్ లేదు. పొడి అంటుకుని ఉంటే దుమ్ము కడగలేదు.

సాలెగూడులా సన్న పగుళ్లు

పైపైన నునుపు కోసం పొడి సిమెంటు చల్లి తాపీతో గట్టిగా రుద్దినప్పుడు ఇవి వస్తాయి. చెమ్మ తొందరగా ఎగిరిపోయినా వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గది లోపలి గాలి కూడా వేడిగా కొడుతుంది, మాలు గంటల్లో ఎండిపోతుంది. తెల్లవారుజామున పని పెట్టుకోండి, ఎండ వైపు కిటికీలు మూయండి, క్యూరింగ్ (ప్లాస్టర్ గట్టిపడేదాకా తడుపుతూ ఉండటం) అయ్యేదాకా ఫ్యాన్ వేయకండి.

సీలింగ్ మీద నీళ్లు నిలవవు కాబట్టి క్యూరింగ్ ఓపికతో చేయాలి. మర్నాటి నుంచి కనీసం 7 రోజులు, రోజుకు మూడు నాలుగు సార్లు స్ప్రేయర్‌తో తడపండి. పురుగుమందులు కొట్టిన పాత పంపు వాడొద్దు, ఆ తుంపర మీ ముఖం మీదే పడుతుంది. ఇప్పటికే వచ్చిన సన్న పగుళ్లు డొల్లగా మోగకపోతే, పూర్తిగా ఆరాక పుట్టీతో మూసేయవచ్చు.

గోడా సీలింగూ కలిసేచోట పొడుగ్గా వచ్చే చీలిక వేరు. శ్లాబు ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, గోడ అంతగా కదలదు. పుట్టీ ఎన్నిసార్లు పెట్టినా ఆ చీలిక తిరిగి వస్తుంది. ముందుగా సీలింగ్, తర్వాత గోడ ప్లాస్టర్ చేసి, పచ్చిగా ఉండగానే రెండిటి మధ్య తాపీ అంచుతో సన్నని గాడి లాగండి.

ముట్టుకుంటే పొడి రాలుతోంది

ఇసుకలో మట్టి ఉంది, లేదా క్యూరింగ్ జరగలేదు. గాజు సీసాలో సగం ఇసుక, పైన ఉప్పు కలిపిన నీళ్లు పోసి బాగా ఊపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద ఒండ్రు పొర తేలుతుంది. అది ఇసుక ఎత్తులో నూటికి 8 వంతులు దాటితే ఆ ఇసుక వద్దు. రోబో శాండ్ (రాయిని నలగ్గొట్టి చేసే ఇసుక) అయితే కాంక్రీటుకు వాడేది కాకుండా ప్లాస్టరింగ్ కోసం కడిగి అమ్మేది అడగండి. ఒట్టి పైపొర రాలుతుంటే బ్రష్‌తో దులిపి ప్రైమర్ వేస్తే సరిపోతుంది. గోరుతో గీస్తే లోపలిదాకా రాలుతుంటే తీసేయడమే.

గోధుమరంగు మరకలు, చెమ్మ

ఇక్కడ తాపీ కింద పెట్టండి. చెమ్మ పైనుంచి వస్తోంది. డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయేమో, పై అంతస్తు బాత్రూమ్ కారుతోందేమో చూసి ముందు దాన్ని ఆపించండి. మరక తుప్పు రంగులో, కడ్డీ పోయిన దారిలో గీతలా ఉంటే లోపల ఇనుము తుప్పు పడుతోంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది, మీరు వేసే కొత్త ప్లాస్టర్ దానితో పాటే పడుతుంది. పెచ్చు ఊడి కడ్డీ కనిపిస్తుంటే ఆ గది వాడకం ఆపి, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. కడ్డీకి తుప్పు గీకి, రసాయన పూత వేసి, శ్లాబుకు మరమ్మతు చేశాకే ప్లాస్టరింగ్ సంగతి.