ఇంట్లో ఫేస్ పీల్ వేసుకునే ముందు

ఫేస్ పీల్ అంటే చర్మం పై పొర ఊడివచ్చేలా ముఖానికి వేసే యాసిడ్ పూత. సీసా మీద యాసిడ్ శాతం ఒక్కటే చూసి దాన్ని ఎంచుకోవద్దు. పీహెచ్, అంటే ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, కూడా చూడండి. 10 శాతం గ్లైకోలిక్ యాసిడ్ పీహెచ్ 3.5 దగ్గర ఒకలా, 2 దగ్గర మరోలా పనిచేస్తుంది. పీహెచ్ తగ్గేకొద్దీ అదే యాసిడ్ చర్మంలోకి ఎక్కువగా దిగుతుంది. ఇంట్లో వాడేది 10 శాతానికి మించకూడదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు. శాలిసిలిక్ యాసిడ్ అయితే 2 శాతం చాలు. 30, 50, 70 శాతం సీసాలు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్) అసలే వద్దు. అది చర్మంలోని ప్రోటీన్‌ను గడ్డకట్టిస్తుంది, నీళ్లు పోసినా ఆగదు.

చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవాళ్లకు అసలు భయం మంట కాదు, ఆ తర్వాత నెలల తరబడి మిగిలే నల్ల మచ్చ. అందుకే మాండెలిక్ యాసిడ్‌తో మొదలుపెట్టడం మేలు. దాని అణువు పెద్దది, నెమ్మదిగా దిగుతుంది.

గత 6 నెలల్లో మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవాళ్లు, గర్భిణులు, ముఖం మీద పుండ్లు, ఎగ్జిమా ఉన్నవాళ్లు, పెదాల దగ్గర తరచూ నీటిపొక్కులు వచ్చేవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు శాలిసిలిక్ మానేయాలి.

వారం ముందు నుంచే రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీములు, స్క్రబ్, బ్లీచ్, వ్యాక్సింగ్, థ్రెడింగ్ ఆపండి. పీల్‌ను చెవి వెనక కాస్త రాసి, కడిగి, 48 గంటలు చూడండి.

వేసుకునే రోజు ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉన్నచోట యాసిడ్ ఎక్కువగా దిగి మచ్చలు మచ్చలుగా కాలుతుంది. ముక్కు పక్క మడతలు, కళ్ల మూలలు, పెదాలకు పెట్రోలియం జెల్లీ పూయండి. టైమర్ పెట్టి నుదురు, బుగ్గలు, గడ్డం వరుసలో ఒకే పూత వేయండి. మొదటిసారి ఒక్క నిమిషం, అంతే. ఏమీ అనిపించలేదని రెండో పూత వేయడమే పెద్ద తప్పు, ఎందుకంటే కాలిన సంగతి చర్మం ఆలస్యంగా చూపిస్తుంది. కాస్త చురచుర మామూలే. ఎక్కడైనా తెల్లబడినా, మంట పెరుగుతున్నా టైమర్ కోసం ఆగకుండా కడిగేయండి. చల్లని నీళ్లు ధారాళంగా, చాలాసేపు. తినే సోడా ముద్ద రుద్దకండి, అదీ చర్మాన్ని రేపుతుంది. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

తర్వాత నాలుగైదు రోజులు వాసన లేని మాయిశ్చరైజర్ తప్ప మరేదీ వద్దు. పొట్టు లేస్తే పీకకండి, మచ్చ పడేది అక్కడే. కనీసం వారం రోజులు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయండి, బయట ఉంటే 2 గంటలకోసారి మళ్లీ. తర్వాతి పీల్‌కు 3 వారాలైనా ఆగండి. బొబ్బ, చీము, పసుపు పెచ్చు, తగ్గని ఎరుపు కనిపిస్తే ఆ రోజే చర్మవైద్యులకు చూపించండి, ఆ సీసా వెంట తీసుకెళ్లండి.