బాగ్ మర్టిల్ పెంపకం – రెండో పాఠం: ఎరువు వద్దు, వాన నీళ్లు కావాలి

మొదటి పాఠంలో మొక్కను గుర్తుపట్టడం చూశాం. నడుమెత్తు పొద, ఎర్రటి గోధుమరంగు పుల్లలు, నలిపితే ఘాటుగా, కమ్మగా వాసన కొట్టే ఆకులు. శాస్త్రీయ నామం మైరికా గేల్. స్కాట్లాండ్ హైలాండ్స్, పశ్చిమ ఐర్లాండ్, స్కాండినేవియా, కెనడా చిత్తడి నేలలు దీని పుట్టిళ్లు. నర్సరీ నుంచి కుండీ ఇంటికి వచ్చిందనుకుని ఈసారి నాటుదాం. చిత్తడి నేలకు వెళ్లి పీకి తెచ్చే ఆలోచన మాత్రం వద్దు. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం, స్థలం సొంతదారు అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనూ వేళ్లతో పెకలించకూడదు.

హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ఇది బతకదు. దీనికి చల్లటి వేసవి, ఆకు రాల్చుకుని నిద్రపోయే చలికాలం ఉండాలి. కాబట్టి ఈ పాఠాలు ముఖ్యంగా బ్రిటన్, ఐర్లాండ్, ఉత్తర అమెరికా చలి ప్రాంతాల్లో పెరడో, బాల్కనీయో ఉన్న మనవాళ్ల కోసం.

ముందు వేళ్లు చూడండి. కుండీలోంచి మట్టిగడ్డను మెల్లగా జార్చి, అంచున ఒక వేరు బయటికి తీస్తే చిన్న చిన్న బుడిపెల గుత్తులు కనిపిస్తాయి. వేరుశనగ పీకినప్పుడు వేళ్లకు కనిపించే బుడిపెల పనే ఇవీ చేస్తాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. తేడా ఏమిటంటే వేరుశనగలో ఉండేది రైజోబియం, ఇక్కడ ఉండేది ఫ్రాంకియా అనే వేరే సూక్ష్మజీవి. సారం లేని పీట్ నేలలో, అంటే సగం కుళ్లిన నాచు, మొక్కలు పేరుకున్న చిత్తడి మట్టిలో ఈ పొద గుబురుగా పెరగడానికి కారణం ఇదే. అందుకే దీనికి ఎరువు వేయొద్దు. పేడ, వర్మికంపోస్ట్, లాన్ కోసం కొన్న గుళికలు, ఏవీ వద్దు. ప్రేమ కొద్దీ వేసే పిడికెడు ఎరువు దీనికి మేలు చేయదు.

మట్టి పుల్లగా, అంటే ఆమ్లగుణంతో ఉండాలి. గార్డెన్ సెంటర్లో ఎరికేషియస్ కంపోస్ట్ అని అమ్ముతారు. సంచి మీద ‘పీట్ ఫ్రీ’ అని ఉందో లేదో చూసి కొనండి. ఈ మొక్క పుట్టి పెరిగే పీట్ నేలలు వేల ఏళ్లుగా కర్బనాన్ని దాచుకున్నవి. వాటిని తవ్వి తెచ్చిన మట్టిలో ఇదే మొక్కను పెంచడం నాకైతే మనసొప్పదు.

నేలలో నాటేవాళ్లు ఎండ బాగా పడేచోట అడుగున్నర నుంచి రెండడుగుల లోతు గుంట తీసి, పాండ్ లైనర్ (చెరువు అడుగున పరిచే ప్లాస్టిక్ పట్టా) పరిచి, అడుగున నాలుగైదు చిల్లులు పెట్టి, కంపోస్ట్ నింపండి. నీళ్లు నిలవాలి కానీ కుళ్లిపోకూడదు, చిల్లులు అందుకే. కుండీలో అయితే కుండీ కింద పళ్లెం పెట్టి, వేసవి అంతా అందులో రెండు అంగుళాల నీళ్లు ఉండేలా చూస్తే చాలు.

ఇక నీళ్లు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. లండన్, ఆ చుట్టుపక్కల కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. మీ కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంటే ఆ నీళ్లు దీనికి పనికిరావు. కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. చాలామంది దాన్ని ఆకలనుకుని ఎరువు వేసి, రెండో దెబ్బ కొడతారు. చూరు గొట్టానికి ఒక వాటర్ బట్, అంటే వాన నీళ్ల పీపా తగిలించి వాన నీళ్లు పట్టుకోండి. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకు చాలాచోట్ల కుళాయి నీళ్లే మెత్తగా, అంటే సున్నం తక్కువగా ఉంటాయి, ఈ టెన్షన్ అక్కర్లేదు.

ఒక మొక్క నుంచి ఇంకోటి చేసుకోవడానికి నేలంటు తేలిక. వసంతం మొదట్లో కింది కొమ్మను వంచి, అడుగువైపు బెరడు కాస్త గీరి, మట్టిలో కప్పి రాయి పెట్టండి. వేళ్లు బాగా పట్టాక, వచ్చే ఏడాది కోసి వేరు చేయొచ్చు. పిలకలు కూడా వస్తాయి.

మొదటి ఏడాది కోత వద్దు. రెండో ఏడాది జూలై, ఆగస్టుల్లో కొత్త కొమ్మల్లో మూడో వంతు మించకుండా కోసి, చిన్న కట్టలు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీయండి. ఎండలో పెడితే వాసన ఎగిరిపోతుంది. ఆకు వెనక భూతద్దంతో చూస్తే పసుపు చుక్కలు కనిపిస్తాయి, నూనె ఉండేది వాటిలోనే. పల్చటి గుడ్డ సంచిలో ఎండుటాకు నింపి బట్టల మధ్య పెట్టుకోవచ్చు. హైలాండ్స్‌లో చిమ్మటలు పట్టకుండా దుప్పట్ల మధ్య, పరుపుల్లో పెట్టేవాళ్లు. మిడ్జ్ అనే నుసుములు కుట్టకుండా రెమ్మను టోపీలో గుచ్చుకునేవాళ్లు. స్కాట్లాండ్‌లోని క్యాంప్‌బెల్ వంశం వాళ్లకు ఈ రెమ్మే చిహ్నం. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల వాడకం రాకముందు ఉత్తర ఐరోపాలో బీరుకు చేదు, వాసన ఇచ్చిన ఆకుల్లో ఇదొకటి. 1516లో జర్మనీలోని బవేరియా చట్టం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని కట్టడి చేసింది కానీ, డెన్మార్క్‌లో సారాయికి ఈ వాసన పట్టించడం నేటికీ ఉంది.

ఒక జాగ్రత్త. గర్భం పోగొట్టడానికి వాడిన చరిత్ర దీనికి ఉంది. గర్భిణులు దీన్ని ఏ రూపంలోనూ లోపలికి తీసుకోకూడదు. మిగతావాళ్లు కూడా కషాయాల జోలికి పోకుండా వాసనకూ, రంగుకూ వాడుకుంటే మంచిది.

మూడో పాఠం ఆకుతో ఉన్నికి పసుపు రంగు వేయడం మీద. అప్పటికి కాస్త తెల్ల ఉన్ని, పటిక తెచ్చి ఉంచుకోండి. ఈలోగా మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాకముందే వచ్చే పూకంకులు చూడండి. పొడుగ్గా, ఆరెంజ్ ఛాయలో ఉంటే మగమొక్క. బుల్లి ఎర్ర కుచ్చులుంటే ఆడది. తేదీ వేసి రాసిపెట్టుకోండి, ఎందుకంటే మగమొక్క మరో ఏడాది ఆడపూలు పూయడం ఈ జాతిలో జరగొచ్చు.