కరెంటు పోయినా పనిచేసే టెంపరేచర్ సెన్సర్: కోడిపిల్లల బ్రూడర్ కోసం ఎలా చేయాలి?

ఉద్దానం ఊళ్లలో నాటుకోళ్లు పెంచేవాళ్లు పిల్లలకు బల్బు వేడి పెడతారు. మొదటి వారం బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే గూడు) కింద 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. రాత్రి కరెంటు పోతే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి సెన్సర్ కరెంటు మీద, రౌటర్ మీద ఆధారపడకూడదు.

వైఫై బోర్డు పెట్టి చేసేవాళ్లే ఎక్కువ. అది వద్దు. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పు ప్రతిసారీ రౌటర్‌ను వెతికి కనెక్ట్ అవ్వడానికి కొన్ని సెకన్లపాటు 70, 80 మిల్లీఆంపియర్లు తాగుతుంది. ఐదు నిమిషాలకోసారి లేపితే 1500 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్) సెల్లు నెలన్నరకు మించి రాదు. పైగా కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది.

కావలసినవి: 3.3 వోల్టుల, 8 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ప్రో మినీ (ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు), ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ రేడియో, వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20 సెన్సర్, 4.7 కిలోఓమ్ రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1500 ఎంఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు. ఇంట్లో ఉంచే రిసీవర్‌కు ఇంకో ఆర్డుయినో, ఇంకో రేడియో, ఒక బజర్.

సెల్లు మాత్రం ఐరన్ ఫాస్ఫేట్‌దే వాడండి. మామూలు పెన్సిల్ సెల్లులు రెండు పెడితే కొద్ది రోజుల్లోనే 3 వోల్టుల కిందికి దిగుతాయి, డీఎస్18బీ20కి కనీసం 3 వోల్టులు కావాలి. మూడు పెడితే 4.5 వోల్టులు, రేడియో 3.6 దాటితే పాడవుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు చాలాకాలం 3.2 దగ్గరే నిలబడుతుంది. దీని ఛార్జర్ వేరు, 4.2 వోల్టుల లిథియం ఛార్జర్‌లో పెట్టకండి.

కనెక్షన్లు తేలికే. రెసిస్టర్ సెన్సర్ డేటా వైరుకూ ప్లస్‌కూ మధ్య, కెపాసిటర్ రేడియో పవర్ పిన్నుల మీదే. రేడియోకు 250 కేబీపీఎస్ వేగం, ఛానల్ 76 పెట్టండి. ఛానల్ 100 పైన పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఛానల్ నంబరుకు 2400 కలిపితే వచ్చేదే దాని మెగాహెర్ట్జ్, మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని బ్యాండు 2483.5 మెగాహెర్ట్జ్‌తో అయిపోతుంది. ఆర్డుయినో కోడ్ లైబ్రరీల్లోని ఉదాహరణలు చాలు: నిద్ర లేవడం, కొలవడం, పంపడం, మళ్లీ నిద్ర. బోర్డును నిద్రలేపే వాచ్‌డాగ్ టైమర్ ఒకసారికి ఎనిమిది సెకన్లే నిద్రపుచ్చుతుంది కాబట్టి 37 సార్లు తిప్పితే సుమారు ఐదు నిమిషాలు.

అందరూ పాడుచేసేది ఈ నిద్ర దగ్గరే. కోడ్‌లో స్లీప్ అని ఒక లైను రాసి పని అయిపోయిందనుకుంటారు. ప్రో మినీ మీద వెలిగే పవర్ ఎల్‌ఈడీ ఒక్కటే రమారమి ఒక మిల్లీఆంపియర్ తింటుంది. అంటే రెండు నెలలకు సెల్లు ఖాళీ. దాన్ని వేడి సోల్డరింగ్ ఐరన్ మొనతో ఊడదీయాలి. వోల్టేజ్ రెగ్యులేటర్‌నూ పీకేయాలి. సెల్లు ప్లస్ వైరు RAW అని రాసున్న పిన్నుకు కాదు, నేరుగా VCC పిన్నుకు. ఇది భయపడాల్సిన పని కాదు గానీ పక్కనున్న చిన్న కెపాసిటర్లు ఊడకుండా నిదానంగా చేయాలి.

ఇప్పుడు కొలవాలి. కొలవకుండా షెడ్డులో పెట్టకండి. మల్టీమీటర్‌ను మైక్రోఆంపియర్ రేంజిలో పెట్టి సెల్లుకూ బోర్డుకూ మధ్య కలపగానే బోర్డు లేవడానికి ప్రయత్నిస్తుంది, మీటర్ లోపలి రెసిస్టెన్స్ దగ్గర వోల్టేజ్ పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, మళ్లీ లేస్తుంది. అంకెలు ఎగురుతుంటే కోడ్‌లో తప్పుందని గంటల తరబడి వెతుకుతారు. ముందు మీటర్ రెండు ప్రోబుల మధ్య ఒక జంపర్ వైరు కలపండి. బోర్డు లేచి, ఒక మెసేజ్ పంపి, నిద్రపోయాక జంపర్ తీసి అంకె చదవండి. తర్వాతి మెసేజ్ టైముకు మళ్లీ కలపండి. ప్రోగ్రామింగ్ కేబుల్ మాత్రం ముందే పీకేసి ఉండాలి, దాని సీరియల్ పిన్నుల గుండా కరెంటు దొంగదారిన వస్తుంది.

మీటర్ 10 మైక్రోఆంపియర్ల లోపు చూపాలి. 30 దగ్గర ఆగితే రేడియోను పవర్ డౌన్ చేయకుండా స్టాండ్‌బైలో వదిలేశారు, లేదా బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ (వోల్టేజ్ పడిపోయిందా అని కాపలా కాసే భాగం) ఆపలేదు. వంద, రెండొందలు చూపితే నిద్రకు ముందు ఏడీసీ (వోల్టేజ్‌ను అంకెలుగా మార్చే భాగం) ఆపలేదు. మిల్లీఆంపియర్ చూపితే ఎల్‌ఈడీ ఇంకా బతికే ఉంది. 13 మిల్లీఆంపియర్ల దగ్గరుంటే రేడియో ఇంకా వింటూనే ఉందన్నమాట. 10 లోపుకు దిగితే నిద్రలో రోజుకు అర ఎంఏహెచ్ కూడా ఖర్చు కాదు.

బోర్డూ రేడియో పెట్టిన డబ్బాను షెడ్డు రేకుకు ఆనించకండి, సిగ్నల్ చస్తుంది. షెడ్డుకూ ఇంటికీ మధ్య పెద్ద కొబ్బరితోట ఉంటే ఈ రేడియో చాలదు, 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ లోరా (దూరం వెళ్లే రేడియో) మాడ్యూల్ కొనండి. సెన్సర్ మొన బల్బు కింద కాకుండా బ్రూడర్ అంచున, పిల్లల వీపు ఎత్తులో వేలాడదీయాలి. రిసీవర్‌ను ఇన్వర్టర్‌కో పవర్ బ్యాంకుకో కలిపి, మొదటి వారం 32 కన్నా తగ్గగానే బజర్ మోగేలా పెట్టండి. పదిహేను నిమిషాలపాటు మెసేజ్ ఏదీ రాకపోయినా మోగాలి.