ఆదివారం సన్నాహంతో వారమంతా ఇంటి వంట

వారానికి సరిపడా కూరగాయలను ఆదివారం ఉదయమే రైతుబజారులో కొని, త్వరగా వాడిపోయే ఆకుకూరలను, బెండకాయలను ముందు రోజులకు, క్యారెట్, గుమ్మడి వంటివాటిని చివరి రోజులకు కేటాయించుకోవాలి.

గ్లాసు మినప్పప్పును నాలుగైదు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, కడిగి గట్టిగా పిండిన రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వను అందులో కలిపి, రాత్రంతా పులియనిచ్చి ఫ్రిజ్‌లో పెడితే, మూడు నాలుగు పూటల ఫలహారానికి బయటి ఖర్చు తప్పుతుంది. పిండి పులుపెక్కాక ఉల్లిపాయలు, పచ్చిమిర్చి చల్లి ఊతప్పాలు వేసుకోవచ్చు. నిజానికి అవే ఎక్కువ రుచి. కూర వండలేని రాత్రికి కందిపొడి, నెయ్యి చాలు.

పనులను మనిషికొకటిగా అప్పగించాలి: ముందుగా ఇల్లు చేరినవారు కుక్కర్ పెట్టాలి, వండనివారు గిన్నెలు తోమాలి, పిల్లలు చిక్కుడుకాయల ఈనెలు తీయాలి. ఒకటి రెండు ఈనెలు మిగిలినా పెద్దలు మళ్లీ సరిచేయకూడదు.