మిల్లు ఆపినవాడి కూలి కోయకండి: రైస్ మిల్లు యజమానులకు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మిల్లుల్లో ఎలివేటర్ (ధాన్యాన్ని పైకెత్తే బకెట్ల బెల్టు) అడుగున ధాన్యం అడ్డుపడితే మోటారు ఆపకుండానే చెయ్యి పెట్టేవాళ్లున్నారు. నిర్లక్ష్యమని తిట్టేముందు కూలి లెక్క చూడండి. బస్తాకింతని ఇస్తుంటే, మిల్లు ఆగిన ప్రతి నిమిషం హమాలీకే నష్టం. కాబట్టి మొదటి పని బోర్డు రాయించడం కాదు. ఆగిన సమయానికి రోజుకూలి లెక్కన కడతామని అందరి ముందు చెప్పి, ఆ వారం చెల్లింపులోనే ఇచ్చి చూపించండి. మిల్లు ఆపించే హక్కు ఊడ్చే మనిషికి కూడా ఉండాలి.

అడ్డు తీసేముందు ధాన్యం వదలడం ఆపి, మోటారు ఆపి, మెయిన్ స్విచ్ దించి తాళం వేయాలి. ఎంతమంది చెయ్యి పెడితే అన్ని తాళాలు. ఎవరి తాళంచెవి వారి జేబులో. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. వేరే స్విచ్ దించి ఉంటే అక్కడే బయటపడుతుంది. కరెంటు పోయింది కదా అని తాళం మానొద్దు. నో-వోల్ట్ కాయిల్‌ను (కరెంటు పోగానే స్టార్టరును ఆపేసేది) పనిచేయకుండా చేసిన స్టార్టరైతే కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది.

మోటారు ఆగినా ఇంకో గండం ఉంది. ఒకవైపు బకెట్లు నిండి ఉంటే ఆ బరువుకు బెల్టు వెనక్కి జారి వేళ్లు నలిపేస్తుంది. పై షాఫ్టుకు వెనక్కి తిరగనివ్వని బ్యాక్‌స్టాప్ పెట్టించండి. అది ఉన్నా సరే, బెల్టును క్లాంపుతో ఫ్రేముకు బిగించాకే అడుగు తలుపు తీయాలి. ధాన్యాన్ని పొడుగు కర్ర కొక్కెంతో లాగాలి.

ఉప్పుడు బియ్యం ఆడేచోట నానబెట్టే ట్యాంకు మరీ మోసకారి. గింజ పులిస్తే కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలుస్తుంది. కంటికి ఏమీ కనపడదు. బ్లోయరుతో గాలి పంపి, పైన, మధ్యన, అడుగున ఆక్సిజన్ కొలిచే మీటరు పెట్టి చూడాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కంటే తగ్గితే ఎవరూ దిగకూడదు. దిగేవాడికి ఒళ్లంతా పట్టే హార్నెస్, పైన అతన్ని లాగడానికి ట్రైపాడ్ (మూడుకాళ్ల స్టాండు), కదలకుండా కాపలా ఉండే మనిషి కావాలి. కింద పడినవాడి కోసం పైవాడు దూకితే ఇద్దరూ పోతారు. పైవాడి పని లాగడమే.

ఊక బూడిద గుట్ట పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పుంటుంది. దానిమీదుగా దారి పెట్టొద్దు.

ఇవన్నీ ఒడియాలో, తెలుగులో చెప్పండి. సవర కూలీలుంటే వాళ్ల భాష వచ్చిన మేస్త్రీ చేత చెప్పించండి. చేసి చూపించి, మళ్లీ వాళ్ల చేత చేయించుకోండి.

వారానికోసారి మిల్లు నడుస్తుండగా మీరే తిరగండి. బెల్టు గార్డు విప్పి పక్కన పెట్టి ఉంటే అరవకండి, ఎందుకు విప్పారో అడగండి. గ్రీజు నిపిల్ (గ్రీజు ఎక్కించే మొన) గార్డు లోపల ఉండిపోయిందేమో చూడండి. చిన్న పైపుతో దాన్ని బయటికి తెస్తే ఇక విప్పే పనే ఉండదు.